నువ్వుగింజంత మరబోటు

"ఇందులో మరబోటు ఎక్కడుందో నువ్వే చూపించు" అంటూ ఆయన ఫొటోను టేబుల్ మీద నా వైపు తోశాడు. నేను వేలు పెట్టి చూపించాను. "ఇదా? నేనింకా ప్రింటు మీద మరక అనుకున్నాను" అన్నాడు. పక్క టేబుల్ దగ్గర గుమస్తా పకపకా నవ్వాడు. నా పక్కనున్న మా మేనల్లుడు తలదించుకున్నాడు.

టెక్కలిలో ఒక సర్కారు ఆఫీసులో జరిగింది ఇది. ఏ ఆఫీసో, ఆయనెవరో చెప్పను. చెప్పినా ఇప్పుడు ఆ కుర్చీలో ఇంకొకడుంటాడు. ఆ నవ్వు మాత్రం నా చెవుల్లో అలాగే ఉంది. ఇన్నేళ్లయింది, పోనిద్దూ అంటారు మా ఇంట్లోవాళ్లు. ఎందుకు పోనివ్వాలి? కళ్లతో చూసిన మనిషిని అబద్ధాలకోరు అనడానికి ఫోనులోని బొత్తామంత కెమెరా ఒకటి సాక్షి అయింది. ఆ కెమెరా ఎందుకలా చూపించిందో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. నా మాట మాత్రం ఒక్కడూ వినలేదు. అందుకే రాస్తున్నాను.

మాది ఉద్దానం ఒడ్డున వేట మీద బతికే ఊరు. వేటంటే మాకు సముద్రంలో చేపల వేటే. నాకు మాత్రం తెప్ప ఎక్కితే కడుపులో తిప్పి వాంతులయ్యేవి. మూడో తరగతితో చదువూ ఆగిపోయింది. ఇటు నీళ్లకూ అటు బడికీ పనికిరాని నన్ను మా నాన్న పలాస తీసుకెళ్లి ఒక ఫొటో స్టూడియోలో ట్రేలు కడగడానికి పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాలు లెన్సు చుట్టూ ఉన్న అంకెల పక్కనా, ఫొటో కాగితం పెట్టెల మీదా చూసి నేర్చుకున్నాను. పాత సామాన్ల కొట్లో తూకానికి పోసిన పుస్తకాల్లోంచి కెమెరా బొమ్మలున్నవి ఏరుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో పేజీకి వారం పట్టినా సరే చదివాను. కొన్నేళ్లకు కాశీబుగ్గ వెళ్లే రోడ్డులో నా సొంత స్టూడియో పెట్టాను. కెమెరా సంగతి నాకు ఒకడు నేర్పింది కాదు. అందుకే ఎవడో తీసిపారేస్తే ఒప్పుకోవడం నా వల్ల కాదు.

తొంభైల చివర్లో తుపానుకు మా ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. పరిహారం ఇవ్వాలంటే పడిన చెట్టుకు ఫొటో కావాలన్నారు అధికారులు. సైకిలు వెనక కెమెరా కట్టుకుని తోటతోటకీ తిరిగి తీశాను. ప్రతి ఫొటోలోనూ పడిన చెట్టు పక్కన రైతును నిలబెట్టేవాణ్ని. మనిషి పక్కన లేని చెట్టు ఎంతుందో ఫొటో చెప్పదు. ఎంత దూరం నుంచి ఏ లెన్సుతో తియ్యాలో నాకు లెక్క ఉండేది. ఆ ఫొటోలు చూసి ఒక్క అధికారీ ఇది చెట్టా, పుల్లా అని అడగలేదు. అప్పట్లో ఫొటో అంటే ఒక మనిషి నిలబడి ఆలోచించి చేసిన పని.

తర్వాత ఏడెనిమిదేళ్లకు ఫోన్లలో కెమెరాలు వచ్చాయి. మా అప్ప, అంటే మా అక్క, కొడుకు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వాడు నాకు మేనల్లుడు. అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రి, సొంత తెప్పా వలలూ ఉన్నవాడు, ఊళ్లో మాట మీద నిలబడే మనిషి. ఫోను కొన్నరోజున నేరుగా స్టూడియోకి వచ్చి నా ముందు ఊపాడు.

"మావా, ఇంక నీ దుకానం మూసీయొచ్చు. సూడు, ఇందులోనే కెమెరా."

"సరే గానీ, ఫిలిం ఎక్కడ పెట్టావురా?"

"ఫిలిం నేదు మావా. ఎన్ని తీసినా అయిపోదు."

"అయిపోనిదానికి విలువుంటాదేటిరా" అన్నాను. నవ్వుకున్నాం. ఆ ఫోను మా ఇంటి పరువు తీస్తుందని ఆ రోజు ఇద్దరికీ తెలియదు.

వేట ఊళ్ల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. తెప్పల మీద వెళ్లేవాళ్లు ఒడ్డుకు దగ్గర్లోనే వలలు కడతారు. ఆ నీళ్లు వాళ్లకే వదిలిపెట్టాలనీ, ఇంజను పెట్టి అడుగంటా ఈడ్చే మరబోట్లు ఒడ్డునుంచి కొన్ని మైళ్ల హద్దు దాటి లోపలికి రాకూడదనీ సర్కారే నియమం పెట్టింది. రొయ్య ఒడ్డు దగ్గరే ఎక్కువ కాబట్టి మరబోట్లు ఆ హద్దును లెక్కచెయ్యవు. అడ్డొచ్చిన వలల్ని కోసుకుంటూ పోతాయి. ఒక పొద్దున్న మా అల్లుడి వలల మీదుగా అలాగే ఒకటి పోయింది. వాడు అప్పుడు ఒడ్డునే ఉన్నాడు. తెప్పను నీళ్లలోకి తోసేలోపే పని అయిపోయింది. వల ఆనవాలుగా జెండా కట్టిన వెదురుకర్ర విరిగి పక్కకు ఒరగడం కూడా చూశాడు. జేబులో ఫోను గుర్తొచ్చి ఫొటో తీశాడు.

ఇక్కడే వాడొక తప్పు చేశాడు. మా ఊరివాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు.

సముద్రం మీద వీధి ఉండదు, ఇంటి నంబరుండదు. వల ఎక్కడ కట్టావంటే మావాళ్లు రెండు గుర్తులు చెబుతారు. మహేంద్రగిరి కొసను ఫలానా తాడిచెట్టు మీదికి తెచ్చుకుని, అక్కడినుంచి ఇంత అంటారు. రెండు గుర్తులు ఒక గీతలోకి వస్తేనే అది చోటు. ఒక్క గుర్తు చెప్పేవాణ్ని మా ఊళ్లో పిల్లలు కూడా నమ్మరు. ఎవరి వల మీద ఎవరు వల వేశారన్న తగువులన్నీ ఈ గుర్తుల మాట మీదే తీరతాయి. కాగితం ఉండదు, మాటే ఉంటుంది.

మా అల్లుడు ఫొటోలోనూ అదే చేశాడు. నీళ్ల అంచున నిలబడి తీస్తే ఉత్త మరబోటే పడుతుంది, చోటెక్కడో ఎలా తెలుస్తుంది అనుకున్నాడు. వెనక్కి నడిచి ఇసకదిబ్బ ఎక్కాడు. ఒడ్డున ఉన్న తన తెప్ప ముక్కును మరబోటుకు సరిగ్గా గురిలోకి తెచ్చుకున్నాడు. తన వృత్తి నేర్పిన జాగ్రత్తంతా పెట్టి, అప్పుడు నొక్కాడు.

మధ్యాహ్నానికి పలాస వచ్చి ప్రింటు తీయమన్నాడు. తీశాను. కాగితంలో సగం వాడి తెప్పే ఉంది, ఏనుగంత. పైన ఆకాశం, కింద ఇసక. తెప్ప ముక్కుకు ఆవల, నీళ్ల చివర నువ్వుగింజంత నల్లటి చుక్క.

"ఏటిరా ఇది?"

"మరబోటు మావా."

"ఎంత దూరంలో ఉన్నాదిరా?"

"దూరమేటి మావా! దాని మీదున్నోడు ఎర్ర బనీను ఏసుకున్నాడు. వల లాగుతూ నన్ను సూసి నవ్వినాడు కూడా. పళ్లు కనిపించినాయి." ప్రింటును అటూ ఇటూ తిప్పాడు. "ఇంత సిన్నగా ఎందుకొచ్చినాది? నువ్వు పెద్దది సెయ్యలేవా?"

"పెద్దది చేస్తే నలుపు పెద్దదవుతాది. బోటవదు."

"తీసినప్పుడు జూమ్ నొక్కినాను గదా."

"అది జూమ్ కాదురా, సాగదీత. రబ్బరు ముక్క మీద రాత రాసి లాగితే కొత్త అక్షరాలొత్తాయేటి?"

వాడికి నా మీదే కోపం వచ్చింది. "నాను కళ్లారా సూసినాను మావా. కెమెరా ఎలా అబద్ధమాడతాది?"

మాటలతో చెబితే అర్థంకాదని స్టూడియో షట్టరు దించేశాను. మిట్టమధ్యాహ్నం. ఆ షట్టరుకు ఎప్పుడో మేకు దిగి ఒక బెజ్జం పడింది. లోపలంతా చీకటవగానే ఆ బెజ్జంలోంచి వెలుగు వచ్చి ఎదురుగోడ మీద పడింది. వీధి మొత్తం తలకిందులుగా, రిక్షా, ఎదుటి టీకొట్టు, నడిచిపోయే మనుషులు.

"ఓరి నాయినో! రోడ్డు తిరగబడిపోనాది" అన్నాడు.

ఒక తెల్లట్ట తీసుకుని గోడ దగ్గర పట్టుకున్నాను. అట్ట మీద టీకొట్టువాడి తల కొబ్బరికాయంత ఉంది. అట్టను బెజ్జం వైపు కొద్దికొద్దిగా జరుపుకుంటూ వచ్చాను. తల నిమ్మకాయంతయింది, ఉసిరికాయంతయింది. బెజ్జానికి బెత్తెడు దూరంలోకి వచ్చేసరికి వీధి ఆ కొస నుంచి ఈ కొస వరకూ అట్ట మీదే పట్టేసింది. టీకొట్టువాడు మాత్రం ఆవగింజ.

"టీకొట్టోడు దూరం పోనాడా?" అని అడిగాను.

"నేదు. ఆడక్కడే ఉన్నాడు. అట్టే దగ్గరికొచ్చినాది."

"అదీ సంగతి. నీ ఫోను మందమెంత? వేలు మందం. దాంట్లో లెన్సుకీ, బొమ్మ పడే చోటుకీ మధ్య చోటెక్కడిది? బియ్యపుగింజంత కూడా ఉండదు. అంత దగ్గర్లో పడే బొమ్మలో అన్నీ పట్టేస్తాయి, అన్నీ చిన్నవైపోతాయి. తర్వాత నువ్వు ఆ బొమ్మని ఈ కాగితమంత చేసి చూస్తావు. ఒక గుక్కలో సముద్రమంతా తాగేసినదాంట్లో ఒక బోటుకొచ్చే వాటా ఎంత? ఇంత. కాళ్లకాడున్న తెప్పకు మాత్రం పెద్ద వాటా. నువ్వు వెనక్కెళ్లి తెప్పని కూడా ఎక్కించినావు. తెప్ప పెద్దగా కనపడేసరికి, దాని పక్కన బోటు మరీ దూరంగా పారిపోయినట్టు తోస్తాది."

వాడు అట్టను తీసుకుని తనే బెజ్జం ముందు అటూ ఇటూ జరిపి చూశాడు. "మరి తీసినప్పుడు నాకు పెద్దదిగానే అవుపించినాది గదా" అన్నాడు నెమ్మదిగా.

"నీ వలలు పోతున్నాయి. నీ ప్రాణం బోటు మీదుంది. కన్ను దాన్నే పట్టుకున్నాది, తక్కిందంతా వదిలేసింది. ఫోనుకి నీ వలల బాధేటి? ఆకాశానికెంతో ఇసకకంతే, నురగకెంతో బోటుకంతే."

ఫిర్యాదు అప్పటికే ఇచ్చేశాడు. ఆధారం తెమ్మన్నారు కాబట్టి ఆ ప్రింటు పట్టుకుని ఇద్దరం టెక్కలి వెళ్లాం. అక్కడ జరిగిందే మొదట చెప్పింది. మరక అని, నవ్వి, ఆయన ఇంకో కాగితం తీశాడు. మరబోటు యజమాని ఇచ్చిన ఎదురు ఫిర్యాదు అది. తన బోటు హద్దు బయటే ఉందనీ, వీళ్లు కావాలని అబద్ధపు ఫిర్యాదు చేశారనీ.

"మీ ఫొటోయే ఆయన పక్షాన ఉంది కదయ్యా" అన్నాడు ఆఫీసరు. "బోటు కనుచూపు చివర్లో ఉంది. ఇది ఒడ్డు దగ్గరా?"

"బాబూ, హద్దు బయటుంటే ఈ ఫోనులో ఇది అసలు పడేదే కాదు. చుక్కయినా పడిందంటేనే లోపలున్నట్టు" అన్నాను.

"అదెలా?"

"ఈ ఫొటోని జానెడుకు లోపు దూరంలో, కంటి దగ్గర పెట్టుకుని చూడండి. ఆ లెన్సు ఎంత వెడల్పున చూసిందో అంత వెడల్పున మీ కంటికీ కనిపిస్తుంది. అప్పుడు బోటు ఆ పొద్దున్న ఎంతగా కనిపించిందో అంతే కనిపిస్తుంది."

"ఫొటోని వాసన చూడమంటావా?"

గుమస్తా మళ్లీ నవ్వాడు. వెక్కిరింతకన్నట్టు ఆ గుమస్తాయే ఫొటో తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, గట్టిగా పీల్చి, "ఉప్పు వాసనొస్తోంది సార్" అన్నాడు. ఒక్క క్షణం వాడు ముక్కు మూసుకుని కళ్లు తెరిచుంటే నిజం కనపడేది.

"ఇంతకీ నువ్వేం చదివావు?" అని అడిగాడు ఆఫీసరు.

"మూడు."

"డిగ్రీ మూడో ఏడా?"

"మూడో తరగతి."

ఇంక ఆయన నా వైపు చూడలేదు. మా అల్లుడితోనే మాట్లాడాడు. వారంలోపు సరైన ఆధారం తేవాలి. లేదా, దూరంగా పోతున్న బోటును దగ్గరుందని పొరబడి ఫిర్యాదు చేశాననీ, వెనక్కి తీసుకుంటున్నాననీ రాసివ్వాలి. రెండూ చెయ్యకపోతే అబద్ధపు ఫిర్యాదు కింద పైకి రాస్తాను అన్నాడు.

రాసిచ్చేస్తే పోయేదేముంది, ఒక్క సంతకమే కదా అని అనుకునేవాళ్లుంటారు. వాళ్లు మా ఊళ్లో పుట్టలేదు. నీళ్ల మీద దూరం తప్పు చెప్పానని సంతకం పెట్టినవాడి గుర్తుల మాట రేపటినుంచి ఒడ్డున ఎవడు తీసుకుంటాడు? వాడి వల మీద ఇంకొకడు వల వేసి, 'నీకు దూరమే తెలీదని నువ్వే రాసిచ్చావు గదా' అంటే ఏం చెబుతాడు? పోయిన వలలు మళ్లీ అల్లుకోవచ్చు. ఆ మాట పోతే ఆ ఒడ్డున వాడికి బతుకు లేదు.

టెక్కలి నుంచి వస్తుంటే నాకు దారంతా ఒకటే మంట. ఆధారం కావాలా, ఇస్తాను అనుకున్నాను. మర్నాడు స్టూడియో మూసి, నా పెద్ద కెమెరా పట్టుకుని ఊరికి వెళ్లాను.

నా ఆలోచన ఇది. మరబోటంత పొడవున్నదాన్ని, కొలిచిన దూరంలో, అదే దిబ్బ మీంచి, అదే ఫోనుతో తియ్యాలి. ఈ ఫొటోలోనూ నువ్వుగింజే వస్తే, ఆ పొద్దున్న మరబోటు కూడా అంతే దూరంలో ఉన్నట్టు. మరబోటంతది మనకెక్కడ దొరుకుతుంది అంటే మా అల్లుడే చెప్పాడు, రెండు తెప్పలు కొసకు కొస కట్టేద్దామని. దూరం కొలవడానికి తాళ్లు. ఇంటింటికీ తిరిగి తాళ్లు పోగేశాం. మా అప్ప అరుగు మీద కూర్చుని చేతులు బార్లా చాచి ఒక్కో బారా కొలిచి, ముడి వేసి, బిగ్గరగా లెక్క చెప్పింది. డెబ్బై దాటిన మనిషి. నడుమ ఎవరైనా పలకరిస్తే "నోరు ముయ్యండే, లెక్క పోతాది" అని తిట్టింది. మూడు వందల బారలు, అర కిలోమీటరుకు దగ్గర; వలలు కట్టిన చోటు అంత దూరమని మా అల్లుడి లెక్క.

తెప్పలు అలలు దాటి వెళ్లాయి. ఒడ్డున ఆడవాళ్లు తాడు కొస పట్టుకుని నిలబడ్డారు. తాడు అయిపోగానే మా అల్లుడు చొక్కా విప్పి ఊపాడు. దిబ్బ మీంచి నేను అదే ఫోనుతో, అదే చోట నిలబడి నొక్కాను. వెంటనే నా కెమెరాకు, దూరంలో ఉన్నదాన్ని పెద్దగా చూపే పొడుగు లెన్సు తగిలించి ఇంకొకటి తీశాను.

ఫోనులో వచ్చిన బొమ్మను మా అప్పకు చూపించాను. కళ్లు చికిలించి చూసింది.

"నా కొడుకేడిరా ఇందులో?"

"అదిగో అప్పా, ఆ నల్ల చుక్క."

"ఓలమ్మో! ఆడు ఒరిస్సా ఎలిపోనాడేటి?" తలెత్తి సముద్రం వైపు చూసింది. చూపు మందగించిన ఆ మనిషికి కూడా కొడుకు చొక్కా ఊపుతూ కనిపిస్తూనే ఉన్నాడు. "అక్కడే ఉన్నాడు గదరా! దీని కళ్లు కాలిపోను, ఇదేటి ఇలా సూత్తాది?" ఫోనును దూరంగా పట్టుకుని, దిష్టి తీసేదానిలా దాని వైపు ఉమ్మింది.

నవ్వుతూనే నేను చెయ్యి చాచి చిటికెన వేలు తెప్పలకు అడ్డంగా పెట్టాను. వేలికి రెండు పక్కలా తెప్పలు కనిపించాయి. మన కంటికి వేలి కంటే వెడల్పున్నది, ఫోను కాగితం మీద నువ్వుగింజ. తాడు నీళ్లలో ఒంపులు తిరిగింది కాబట్టి అసలు దూరం మూడు వందల బారలకు తక్కువే. అది కూడా దాచకుండా రాశాను.

అవును, రాశాను. మూడు రోజులు కూర్చుని నాలుగు పేజీల అర్జీ రాశాను. బొమ్మలు గీశాను. లెన్సు, బెజ్జం, అట్ట, బోటు. నా చదువు మీద నవ్వినవాడికి నా చదువంతా చూపించాలన్న పొగరు కూడా అందులో ఉంది, ఒప్పుకుంటాను. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో, 'ఈ ఫోను కెమెరా దగ్గరి వస్తువును దూరంగా చూపించును. కనుక దీని చిత్రములో కనబడు దూరమును నమ్మరాదు' అని రాసి గీత కూడా కొట్టాను. ఆ వాక్యం రాసినప్పుడు నేను ఎంత మురిసిపోయానో తలచుకుంటే ఇప్పుడు నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

గడువు రోజున మళ్లీ వెళ్లాం. ఆఫీసరు ఈసారి నవ్వలేదు. నాలుగు పేజీలూ చదివాడు. మూడు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకసారి, ఎవరూ చూడటం లేదనుకుని, మొదటి ఫొటోను ముఖానికి దగ్గరగా తెచ్చుకుని ఒక కన్ను మూశాడు. నేను చూశాను. ఆయనకు అర్థమైందని నాకు తెలుసు. ఆ మనిషి మీద నా కోపం చల్లారకపోవడానికి కారణం అదే. తెలియనివాడి మీద ఇన్నేళ్ల కోపం ఉండదు.

ఫొటో కింద పెట్టి, ఎర్రపెన్ను తీసి, నేను గీత కొట్టిన వాక్యం కిందే ఇంకో గీత కొట్టాడు.

"ఫోను ఫొటోలో దూరం నమ్మకూడదని నువ్వే రాశావు."

"అవును."

"మరి మీ ఫిర్యాదుకు ఆ ఫోను ఫొటో ఒక్కటే ఆధారం. నమ్మకూడని ఆధారం మీద బోటు యజమాని మీద చర్య ఎలా తీసుకోను?"

రెండో ఫొటోను ఆయన ముందుకు జరిపాను. "అందుకే కదండీ కొలిచి మళ్లీ తీశాం" అన్నాను.

"అదీ ఆ ఫోనే కదా."

"రెండూ ఒకే ఫోను కాబట్టే ఒకదాన్ని పెట్టి ఇంకొకటి కొలవొచ్చు. రెండింటికీ ఒకే తప్పు..."

"తాడు ఎవరి సమక్షంలో కొలిచారు?"

"మా అప్ప కొలిచింది."

"బారలతోనా?" అన్నాడు. గుమస్తా అవకాశం వదులుకోలేదు. "ఆవిడ చేతులు ఎంత పొడుగో సర్టిఫికెట్టు ఉందా తాతా?"

టేబుల్ మీద చెయ్యి వేసి కొట్టాను. ఇంకు సీసా ఎగిరిపడింది. "మీరు రండి! ఇప్పుడే రండి! మీ టేపు పట్టుకుని రండి! మా తెప్ప మీద కూర్చోబెట్టి తీసుకెళ్తాం. గంట ప్రయాణం. ఈ కుర్చీలోంచి సముద్రం కొలుస్తారా?" అని అరిచాను. వరండాలో ఉన్నవాళ్లు తొంగిచూశారు. మా అల్లుడు నా భుజం పట్టుకుని వెనక్కి లాగాడు.

ఆఫీసరు గొంతు పెంచలేదు. గొంతు పెంచనివాళ్లతో వచ్చే చిక్కే అది. చల్లగా రెండు వాక్యాలు రాసి వినిపించాడు. ఫొటోను బట్టి దూరం నిర్ధారించడం సాధ్యం కాదు కాబట్టి ఫిర్యాదు రుజువు కాలేదు. అదే కారణంగా, ఫిర్యాదు అబద్ధమని కూడా రుజువు కాలేదు. రెండు వైపులా మూసేస్తున్నాం.

"పొరబడ్డానని రాసివ్వాలా బాబూ?" అని అడిగాడు మా అల్లుడు.

"అక్కర్లేదు."

"అయితే బోటు దగ్గరే ఉన్నాదని మీరు రాసినట్టా?"

"అదీ రాయలేదు."

"మరి బోటు ఎక్కడున్నట్టు?"

ఆయన ఫైలు కట్టి గుమస్తాకు ఇచ్చాడు. ఆ కాగితాల్లో ఇప్పటికీ ఆ మరబోటు ఎక్కడా లేదు. దగ్గరా లేదు, దూరమూ లేదు. మా అల్లుడి వలలు వాటంతట అవే తెగిపోయాయి.

బస్టాండులో నందిగాం వైపు పోయే బస్సు ఒకటి బయల్దేరుతూ దుమ్ము లేపింది. పలాస బస్సుకు ఇంకా టైముంది. సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. నేను ఇంకా తిడుతూనే ఉన్నాను. ఆఫీసరును, గుమస్తాను, ఫోను చేసినవాణ్ని, చివరికి నన్ను. గీత కొట్టిన ఆ వాక్యం రాయకుండా ఉంటే? పొడుగు లెన్సు ఫొటో ఒక్కటే ఇచ్చుంటే? మా అల్లుడు రెండు టీలు తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టాడు.

"నీ నాలుగు పేజీలు నేకపోతే నాను ఆ కాగితం మీద సంతకం పెట్టుండాల్సిందే మావా. పెట్టలేదు గదా. ఒడ్డున నా మాట నాకున్నాది. తిట్టుకోకు" అన్నాడు.

"సాలుతాదేటిరా అది?"

"సాలదు." టీ ఊదుకుంటూ ఒక గుక్క తాగాడు. జేబులోంచి ఫోను తీసి, లెన్సు మీద పట్టిన ఉప్పును చొక్కా అంచుతో తుడిచాడు. "ఆడు మళ్లీ ఒత్తాడు మావా. రొయ్య ఉన్నన్నాళ్లూ ఒత్తాడు. ఈసారి నాను ఎంత దగ్గర్నించి తీత్తే మరబోటు మరబోటులా పడతాది? దాని నంబరు సదవాలంటే?"

నేను లెక్క వేశాను. వేళ్ల మీద వేశాను, తర్వాత టీకొట్టువాణ్ని అడిగి పాత పేపరు ముక్క తెచ్చుకుని, పెన్నుతో వేశాను. తప్పేమోనని మళ్లీ వేశాను.

"పదిహేను బారలు. మహా అయితే ఇరవై" అన్నాను.

వాడు నవ్వాడు. వెటకారం కాదు, కోపం కూడా కాదు. ఏమీ తెలియని పెద్దమనిషికి చెబుతున్నట్టు చెప్పాడు.

"అంత దగ్గరికెల్తే ఆడి వల నా తెప్పనే లాగీసుకుంటాది మావా."

కాగితం ముక్క నా చేతిలో ఉంది. లెక్క సరిగ్గానే ఉంది.